చిన్నాయిన మాటలకు నేను చెప్పిన అర్థం

మొన్న పొద్దుగాల జొన్నపిండి డబ్బా ముందర పెట్టుకొని వంటింట్ల నిలబడితే, చేతుల ఉన్న వస్తువు పేరు నాకు యాదికి రాలే. జల్లెడ. ఇప్పుడు రాస్తాంటె సులువుగనే వచ్చింది, అప్పుడు రాలే. గుండ్రంగ ఉంటది, సన్నసన్న తూట్లుంటయి, పిండి కిందికి పడ్తది, పొట్టు పైన మిగుల్తది. అంతా తెలుసు, పేరు ఒక్కటే లేదు. మా ఆయన హాల్ల నుంచి "ఏం చేస్తానవ్?" అంటే "ఇది... పిండి" అని ఊకున్న. గ్యాస్ బంద్ చేసి కింద కూసున్న.

నలభై దగ్గరికొస్తాంటె ఎవలైనా మర్చిపోతరు, దానికింత పరేషాన్ ఏంది అంటరు మీరు. మా ఆయన గూడ అదే అన్నడు. అంటరు, ఎందుకనరు. మా చిన్నాయిన మీ ఇంట్ల పుట్టలే. పైగ నేను బడిల తెలుగు చెప్పి బతుకుతాన. రోజూ పిల్లలకు ఒక్కో మాటకు నాలుగు పర్యాయపదాలు చెప్పే మనిషికి, ఇంట్ల ఉన్న జల్లెడకు ఒక్క పేరు దొరకలేదు.

చిన్నాయిన పోయి అప్పటికి మూడు వారాలు. ఆయనను సమాధుల తోటల పెట్టి వచ్చిన మూడోనాడు ఇంటి ముందర టెంటేసి ఆదరణ కూడిక పెట్టినం, అంటే పోయినోళ్ల ఇంటోళ్లకు ధైర్యం చెప్పే ప్రార్థన. అక్కడ మా చిన్నమ్మ లేచి మైకు అందుకుంది. ఎన్నడు నలుగుట్ల నోరు తెరవని మనిషి. "మా ఆయనను పిచ్చోడన్నరు. అననీ. కానీ ఆయనకు ఒకప్పుడు భాషల వరం ఉండె. దేవుడు ఆయన నోటితోని మాట్లాడిండు. నమ్మకపోతే మా బిడ్డనడుగుండ్రి, ఇగో ఈమెనే అర్థం చెప్పింది" అని నా దిక్కు చెయ్యి చూపింది. కూసున్నోళ్లందరు తిరిగి నన్ను చూసిండ్లు. నేను తల కిందికేసుకున్న. అణకువ అనుకున్నరు.

అణకువ కాదు, పాడు కాదు. ఆనాడు నేను చెప్పిన అర్థం అబద్ధం. ఆ అబద్ధంతోని ఆయన మందు గోలీలు బందయినయి. గోలీలు బందయినంక ఆయన మాట పోయింది. ఇరవై ఏండ్ల సంది ఈ సంగతి ఒక్క మనిషికే చెప్పిన. ఆ మనిషి చిన్నాయిననే.

ఆయన మా బాపు సొంత తమ్ముడు. కాజీపేటల ఒకటే ఇల్లు, ముందు అర్రలల్ల మేము, వెనుక అర్రలల్ల వాళ్లు. వాళ్లకు పిల్లల్లేరు. చిన్నమ్మ ఆడపిల్లల హాస్టల్ల వంట చేస్తుండె, పొద్దుగాల పోతే దీపాల యాళ్లకు వచ్చేది. బడి నుంచి వచ్చినంక చిన్నాయిన కాడ కూసునే డ్యూటీ నాది. డ్యూటీ అని పెద్దోళ్లు అనుకున్నరు, నాకు మాత్రం ఆట.

రోగం రాక ముందు ఆయన బస్సు కండక్టర్. పాలకుర్తి రూటు. రోగం వచ్చి డ్యూటీ పోయినంక గూడ ఆయన ఒంట్లె నుంచి బస్సు దిగిపోలే. ఇంట్ల నడుస్తాంటె ఒక చెయ్యి పైకెత్తి దర్వాజను, దండెపు తీగను పట్టుకుంట నడిచేటోడు, నేల కదుల్తాందన్నట్టు. చాయ్ తాగినా కాళ్లు ఎడం పెట్టి నిలబడే తాగేటోడు. ఇంటికి ఇద్దరికంటె ఎక్కువ మంది చుట్టాలొస్తే చాలు, "లోపలికి జరగాలె, జర లోపలికి జరగాలె" అని అందర్ని అర్రల మూలకు తోలేటోడు. మా మేనత్తలు నవ్వలేక చచ్చేటోళ్లు. కొత్తగ వచ్చినోళ్లు మాత్రం నిజంగనే జరిగేది.

ఆయనను ఏదన్న అడిగితే జవాబు ఆలస్యంగ వచ్చేది. "చిన్నాయినా, చాయ్ తాగుతవా?" అంటే నా ముఖం చూసేటోడు. చూస్తనే ఉండేటోడు. చాయ్ మీద మీగడ కట్టేది. ఇంక రాదులే అనుకొని లేవబోతాంటె అప్పుడు "తాగుత" అనేటోడు. అందరు మధ్యల్నే లేచిపోయేది కాబట్టి ఆయన జవాబులు సగం మందికి అందలే. నాకు తొందర ఉండకపోయేది. ఎనిమిదేండ్ల పిల్లకు ఏం తొందరుంటది.

కథలు చెప్పమంటే చెప్పేటోడు. "ఒక కోతి ఉండె" అని మొదలయ్యేది. కోతి చెట్టెక్కేది. చెట్టు మడికొండల ఉండేది. మడికొండల దిగేటోళ్లు ముందుకు రావాలె. ముందుకొస్తే డ్రైవర్‌కు అద్దం కనపడదు. అద్దంల ఎవలో ఉన్నరు. వాళ్లకు నా పేరు తెలుసు. ఇట్ల పోయేది. కోతి ఎటు పోయిందని అడిగితే "ఏ కోతి?" అనేటోడు. నాకది మస్తు ఖుషీ. నా దోస్తుల తాతలు చెప్పే కథలల్ల కోతి ఎప్పుడూ మొసలి కాడికే పోయేది, మా చిన్నాయిన కోతి ఎటు పోతదో దేవునికే తెల్వదు. అది కథ కాదని, లోపల తోవ తెగిపోతాందని నాకేం ఎరుక.

ఇంక మాటలు. కొన్నిటికి ఆయన సొంత పేర్లు పెట్టుకున్నడు. భయాన్ని భయం అనకపోయేది, "లోపలిగాలి" అనేటోడు. నిజంగ అట్లనే ఉంటదంట, పక్కటెముకల కింద గాలి తిరిగినట్టు. చెవులల్ల మాట్లాడేటోళ్లను "చెవిలోవార్లు" అన్నడు. గోలీని "మూతిబిళ్ల" అన్నడు. ఏండ్లు గడుస్తాంటె ఆ మాటలు ఆయన నోట్ల అరిగినయి. లోపలిగాలి "లోగల" అయింది. చెవిలోవార్లు "చెవ్వార్లు" అయిండ్లు. మూతిబిళ్ల "మూబిల" అయింది. నేను మొదటి సంది ఉన్న కాబట్టి నాకు తెలుసు. చిన్నమ్మకు తెల్వదు. పాపం ఆమె ఇంట్ల ఉండేదే తక్కువ, ఉన్నంతసేపు గోలీ చేతుల పెట్టి నీళ్ల గిలాస ఇచ్చేది, ఆయన మింగేటోడు. అడిగే అవసరమే రాలే.

రోగం మొదలైన రోజు సంగతి మాకు ఆయన బస్సు డ్రైవర్ చెప్పిండు. చిన్నాయినకు ఒక పేరుండేదంట, ఎవలు ఎక్కడ దిగుతరో ఒక్కసారి వింటే మళ్లా అడగడని. బస్సు నిండ మంది ఉన్నా, స్టేషన్ ఘన్‌పూర్‌ల దిగే ముసలవ్వ నిద్రపోతే తట్టి లేపేటోడంట. ఆనాడు పెండ్యాల దాటినంక మిట్టమధ్యాహ్నం బెల్లు కొట్టి బస్సు ఆపిచ్చిండు. ఎందుకాపినవని డ్రైవర్ తిరిగి చూస్తే, నడుమల నిలబడి ఏడుస్తాండంట. "అన్నా, ఈళ్లందరు ఎక్కడ దిగుతరో నాకు తెలుస్తలేదు. ముఖాలున్నయి, ఊర్లు లేవు" అన్నడంట. ప్రయాణికులు ఒక్కొక్కరే తమ ఊరి పేరు చెప్పిండ్లంట, పాపం బుజ్జగించినట్టు. ఆయన ప్రతి పేరు విన్నడు, తల ఊపిండు, రెండో మనిషి చెప్పేసరికి మొదటి మనిషిది పోయింది. ఈ ముచ్చట మా ఇంట్ల ఎన్నోసార్లు చెప్పుకున్నరు.

కొన్నేండ్లకు మళ్లా దవాఖానకు తోలుకపోతే ఒక డాక్టరమ్మ పరీక్ష చేసింది. నేను గూడ పోయిన, అప్పుడు తొమ్మిదో తరగతి. ఆమె మంచిది, మెల్లగ మాట్లాడేది. "బస్సుకు, రైలుకు పోలిక ఏంటండీ?" అని అడిగింది. చిన్నాయిన చానసేపు ఆలోచించిండు. ఆమె గడియారం చూడలే, అది నాకు నచ్చింది. ఆఖరికి అన్నడు, "బస్సుల నేనుంటా. రైల్ల నేనుండ." ఆమె రాసుకుంది. "పోలిక అడిగిన, తేడా కాదు" అంది. ఆయన మళ్లా ఆలోచించి అదే అన్నడు. బయటికొచ్చినంక నేను బాపును అడిగిన, చిన్నాయిన చెప్పింది తప్పా అని. "తప్పు కాదు బిడ్డా. కానీ ఆమె అడిగింది ఈయనకు చేరలే" అన్నడు బాపు. డాక్టరమ్మ చిన్నమ్మకు ఒక్కటే మాట గట్టిగ చెప్పింది, గోలీలు ఒక్కపూట గూడ ఆపొద్దని. గోలీ ఉన్నన్ని రోజులు ఉన్న మాటలన్న నిలుస్తయి, ఆపితే ఇంకింత పోతదని.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి చెప్పాలె.

మేము పోయే సంఘం చిన్నది. రేకుల షెడ్డు, కింద చాపలు, ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు. ప్రార్థన జోరు మీదికి వచ్చినప్పుడు ఒకళ్లిద్దరి నోట్లె నుంచి ఎవలకు తెల్వని భాష వచ్చేది. భాషల వరం అంటరు దాన్ని, ఆ మాటలు దేవునివి అని మా నమ్మకం. అయితే మా పాస్టరు అయ్యగారు ఒక రూల్ పెట్టిండు. ఎవలన్న భాషలల్ల మాట్లాడితే, దాని అర్థం చెప్పే వరం ఉన్నోళ్లు లేచి చెప్పాలె. చెప్పేటోళ్లు లేకపోతే ఆ మాట్లాడే మనిషి ఊకోవాలె. మంచి రూలే. దొంగభక్తి జరగొద్దని పెట్టిండు.

నాకప్పుడు పదిహేడేండ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీల నా పేరు "మెంటలోని బిడ్డ". ఎవరు పెట్టిండ్లో తెల్వదు గని, అందరికీ తెలుసు. నాతోని ఒకే బెంచీల కూసునే పిల్ల ఒకనాడు అడిగింది, "అది మీ రక్తంల ఉంటదా?" అని. నవ్వుకుంట అడిగింది. ఆనాటి సంది నేను అద్దం ముందర నిలబడి, మా తరగతి పిల్లల పేర్లు వరుసగ చెప్పుకునేదాన్ని, ఒక్కటి మర్చిపోయినా ఆ రోజంతా అన్నం సయించకపోయేది.

ఆ ఆదివారం పొద్దున చిన్నమ్మ గోలీ ఇయ్యలే. గోలీ వేస్తే, అయ్యగారు వాక్యం చెప్పేటప్పుడు ఆయన నిద్రపోతడు, అందరు చూస్తరని. మధ్యాహ్నం ఇద్దామనుకుంది. షెడ్డు నిండ మంది, డోలకు, తప్పట్లు, మైకు. పాట అయిపోయి అందరు ఒక్కసారే ప్రార్థన అందుకున్నరు. అప్పుడు మొగోళ్ల దిక్కు నుంచి చిన్నాయిన లేచిండు. ఒక చెయ్యి పైకెత్తిండు. అందరు దేవుని దిక్కు చెయ్యెత్తిండు అనుకున్నరు. నాకు తెలుసు, అది బస్సుల పైన ఉండే రాడ్డు కోసం. కండ్లు మూసుకొని, ఒళ్లంత వణుక్కుంట, గొంతెత్తి అన్నడు, "లోగల... లోగల లోగల... చెవ్వార్లు... చెవ్వార్లు లోగల... మూబిల... మూబిల మూబిల."

ఒక్కొక్కరే ప్రార్థన ఆపిండ్లు. డోలకు ఆగింది. షెడ్డుల ఆయన గొంతు ఒక్కటే ఉంది. తొమ్మిదేండ్ల సంది సంఘంల నోరు విప్పని మనిషి. చిన్నమ్మ చాప మీద మోకాళ్ల మీదికి లేచింది, ఆమె కండ్లల్ల నీళ్లు. ఎన్నడు మా ముఖం చూడని ఆడోళ్లు "స్తోత్రం, స్తోత్రం" అంటాండ్లు. అయ్యగారు చెయ్యెత్తి అందర్ని ఊకోమన్నడు. "ఈ భాషకు అర్థం చెప్పగలిగినవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగిండు.

ఉన్న. నేనొక్కదాన్నే ఉన్న. భయమైతాంది, భయమైతాంది. చెవులల్ల వాళ్లు మాట్లాడుతాండ్లు. గోలీ కావాలె. గోలీ ఇయ్యుండ్రి. అదీ ఆయన చెప్పేది. నేను లేచి ఆ నాలుగు ముక్కలు చెప్తే చిన్నమ్మ సంచిల నుంచి గోలీ తీసి ఇచ్చేది. అంతే అయ్యేది. లేదా నేను ఊకున్నా నడిచేది, అయ్యగారు ఆయనను కూసోబెట్టేటోడు.

లేచి నిలబడ్డ. ఎందుకు లేచిన్నో నన్నడగొద్దు, ఇరవై ఏండ్లుగ నన్ను నేనే అడుగుతాన. నిజం చెప్దామనే లేచిన అనుకుంట. కానీ నిలబడంగనే అందరు నన్ను చూసిండ్లు, ఆ చూపు నాకు కొత్త. జాలి లేదు, నవ్వు లేదు. నిజం చెప్తే మళ్లా పిచ్చోని బిడ్డనే అయిత. నా నోరు తెరుచుకుంది, చర్చిల వినీ వినీ వంటబట్టిన గ్రంథం భాష దానంతటదే వచ్చింది. "భయపడకుడి అని ప్రభువు సెలవిచ్చుచున్నాడు. నేనే మీ చెవులలో మాటలాడుచున్నాను. నా మాటయే మీకు ఔషధము."

చూసిండ్లా. ఒక్క మాట బయటి నుంచి తేలే. భయం ఆయనదే, చెవులు ఆయనవే, మందు ఆయనదే. తిప్పి పెట్టిన అంతే. చిన్నాయిన కండ్లు తెరిచి నా దిక్కు చూసిండు. ఆయనకు నేను చెప్పింది అర్థమైందో లేదో నాకు తెల్వదు. చూసిండు మాత్రం.

ఆ మాపటికే మా ఇంటికి మంది వచ్చిండ్లు, పండ్లు తెచ్చిండ్లు. ఒక పెద్దామె చిన్నాయిన కాళ్లు మొక్కబోయింది. "దేవుడు ముట్టిన నోరు, ఇంక గోలీలెందుకు? ఔషధం నేనే అని ఆయనే చెప్పె కదా" అంది ఎవరో. అయ్యగారి మీద నింద పెట్టను నేను. ఆయన "డాక్టరును అడగకుండ ఏదీ ఆపొద్దమ్మా" అనే అన్నడు. చిన్నమ్మ అడగలే. తొమ్మిదేండ్లుగ ఆమెను చూసి అందరు అయ్యో అనేటోళ్లు, ఆ రోజు మొదటిసారి "నువ్వు ధన్యురాలివమ్మా" అన్నరు. గోలీల డబ్బా తీసి బియ్యం డ్రమ్ము వెనుక పెట్టింది. ఆమె పెడ్తాంటె నేను చూసిన.

మరునాటి సంది ఆయన దేవులాడుడు మొదలుపెట్టిండు. గూట్ల, దిండు కింద, చిన్నమ్మ సంచిల. "మూబిల" అనుకుంట తిరిగేటోడు. మూడోనాడు చిన్నమ్మ నన్ను పిలిచింది.

"బిడ్డా, ఒకటే మాట పొద్దస్తమానం అంటాండు. ఏమంటాండు?"

ఇప్పుడు నిజం చెప్తే ఆదివారం చెప్పింది అబద్ధం అయితది. అందరికీ తెలుస్తది. కాలేజీ దాక పోతది.

"ప్రార్థన చేస్తాండు చిన్నమ్మా" అన్న.

ఆమె కొంగు తల మీదికి తీసుకొని దండం పెట్టుకుంది. మొదటి అబద్ధానికి పదిహేడేండ్ల పిల్ల, షెడ్డు నిండ మంది, కంగారుల వచ్చింది అని నన్ను నేను జర సముదాయించుకుంట. రెండోదానికి ఏం చెప్పుకోవాలె? అక్కడ ఎవ్వరు లేరు, మేమిద్దరమే.

రెండు నెలలకు ఆయన నిద్ర పోవుడు మానేసిండు. అన్నంల ఏదో కలిపిండ్లనేటోడు. సంఘపోళ్లు మొదట్ల ఉపవాస ప్రార్థనలు పెట్టిండ్లు, తర్వాత మెల్లగ రాకుండ అయిండ్లు. ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద పరీక్షలకు చదువుకుంటాన. ఆయన వెనుక అర్రల నుంచి వచ్చి నా ముందర గొంతుకూసున్నడు. అట్ల అంత దగ్గర ఎన్నడు కూసోలే. ఏ తడబాటు లేకుండ, ఏ ఆలస్యం లేకుండ, మంచి తెలుగుల అడిగిండు.

"నా మాటలు నీ నోట్లకు ఎట్ల వచ్చినయి?"

నేను పుస్తకం మూసిన. "ఏం మాటలు చిన్నాయినా?"

"నేను లోపల అనుకుంటె నువ్వు బయటికి చెప్పినవ్. అందరు విన్నరు. ఆనాటి సంది నాయి నాకు దొరుకుతలేవు. నీ కాడ ఉన్నయి. ఇచ్చెయ్ బిడ్డా."

ఒక చేతితోని నా దవడ పట్టిండు. గట్టిగ కాదు, పశువుల డాక్టర్ బర్రె పండ్లు చూసేటట్టు పట్టిండు. బొటనవేలు నా పెదవుల నడుమ పెట్టి నోరు తెరిపిచ్చిండు. వంగి లోపలికి చూస్తాండు. దేవులాడుతాండు, నిజంగ దేవులాడుతాండు. ఆయన వేలికి సబ్బు వాసన. కొడతడని కాదు నా భయం. ఆయన చెప్పింది నిజమని. ఆయన మాటలు నిజంగనే నా నోట్ల ఉన్నయి, నేనే తీసుకున్న, ఇప్పుడు వంగి చూస్తే కనపడ్తయేమోనని భయం. ఎంతసేపో తెల్వదు. బాపు సైకిల్ చప్పుడైంది, చూసి ఉరికొచ్చి ఆయన చెయ్యి విడిపిచ్చిండు. ఆ మాపటికి ఆటోల పెద్ద దవాఖానకు తోలుకపోయిండ్లు. ఆటో ఎక్కేటప్పుడు గూడ పైన రాడ్డు కోసం చెయ్యెత్తిండు.

నలభై రోజులకు ఇంటికొచ్చిండు. శాంతంగ ఉన్నడు, లావైండు. నేను పక్కన కూసొని, ఎవ్వరు లేంది చూసి, "చిన్నాయినా, లోగల ఉందా?" అని అడిగిన. కొత్త మాట విన్నట్టు చూసిండు. "మూబిల?" అన్న. తల అడ్డంగ గూడ ఊపలే. ఆయన కట్టుకున్న మాటలు ఆయన కాడ లేవు. అవి తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

డాక్టరమ్మ బాపుకు చెప్పింది, ఈ రోగం ఏండ్లకొద్ది ఉన్నోళ్లల్ల మాట, ఆలోచన ఎట్లైనా కొంత తగ్గుతయి, మధ్యల గోలీలు ఆపుడుతోని ఇంకింత తగ్గి ఉండొచ్చు అని. ఎంత దేనితోని పోయిందో ఎవరు చెప్పలేరంది. ఆ "ఎవరు చెప్పలేరు" పట్టుకొని కొన్నేండ్లు నేను నిద్రపోయిన. మంచి దిండు కాదది.

తర్వాత నాకు పెండ్లయి హన్మకొండకు వచ్చిన. ప్రతి ఆదివారం పోయేదాన్ని. ఆయన మాట "ఊ", "తిన్న", "లే" కాడికి వచ్చింది. ఏం తిన్నవంటే చెప్పేటోడు, ఎందుకు తినలేదంటే చెప్పకపోయేది. ఎందుకు అనే మాట ఆయనకు అందకుండ పోయింది. పొడుగు మాట చెప్తే తోక ఒక్కటే పట్టుకునేటోడు. "సబ్బు తెచ్చిన చిన్నాయినా, తానం చేసినంక అన్నం తిందువు" అంటే పోయి కంచం ముందర కూసునేటోడు. చిన్నమ్మ విసుక్కోకపోయేది. "నువ్వు చిన్న చిన్నగ చెప్పాలె బిడ్డా, ముక్కలు చేసి" అని నాకే నేర్పేది.

ఆయన పోవుడుకు నెల ముందు ఒక ఆదివారం. చిన్నమ్మ బయట నీళ్లు పడ్తాంది. చిన్నాయిన మంచం మీద కూసొని చాయ్‌ల బిస్కెట్ ముంచుకొని తింటాండు. కాళ్లు ఉబ్బినయి, ముఖం తగ్గింది. ఈయన ఇంక ఎక్కువ రోజులు ఉండడని నాకు అనిపిచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎన్నడు చెప్పను.

"చిన్నాయినా, నీకు షెడ్డు యాదుందా? రేకుల షెడ్డు, ప్రార్థన. అక్కడ నువ్వు లేచి గోలీ అడిగినవ్. నేను వేరే చెప్పిన. దాంతోని నీకు గోలీలు ఇయ్యలే, నీ మాటలన్ని పోయినయి. నేను..."

ఆయన బిస్కెట్ ఆపి నా ముఖం చూస్తాండు. నా పెదవులు చూస్తాండు. పొడుగైంది, తెలుస్తాంది నాకు. మళ్లా మొదలుపెట్టిన, ముక్కలు చేసి.

"నువ్వు గోలీ అడిగినవ్."

చూస్తాండు. నేను ఆగిన. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఊ" అన్నడు.

"నాకు అర్థమైంది."

"ఊ."

"నేను చెప్పలే."

ఈసారి ఊ రాలే. మూడో ముక్క చేరేసరికి మొదటిది పోయింది, ఆయన కండ్లల్ల అది పోవుడు నేను చూసిన. ఏడుపొచ్చింది నాకు. ఇంక ముక్కలు చెయ్యాలంటే ఒకటే మాట మిగిలింది. ఆయన చేతులు పట్టుకొని "తప్పు చిన్నాయినా, తప్పు" అన్న.

ఆ మాట ఆయనకు చేరింది. ఉలిక్కిపడ్డడు. నా ముఖం మీద నీళ్లు చూసిండు, ఒళ్లె పడ్డ బిస్కెట్ ముక్క చూసిండు, మళ్లా నన్ను చూసిండు. గిలాస కింద పెట్టి మంచం దిగిండు. ఉబ్బిన కాళ్ల మీద నిలబడి, రెండు చేతులతోని తన రెండు చెవులు పట్టుకున్నడు, బడి పిల్లలు పట్టుకునేటట్టు.

"తప్పయింది" అన్నడు. "ఇంకోసారి చెయ్య."

"నువ్వు కాదు చిన్నాయినా. నువ్వు కాదు. నేను."

"తప్పయింది. ఇంకోసారి చెయ్య."

చేతులు కిందికి దించబోయిన. దించనియ్యలే. మోకాళ్లు వంచి లేస్తాండు, పడిపోతడేమోనని నాకు భయం. అంతకన్న ఎక్కువ భయం ఆయన కండ్లల్ల ఉంది, నేనేమంటనో అని. చిన్నమ్మ బకెట్ పట్టుకొని దర్వాజ కాడికి వచ్చి నిలబడ్డది. "ఏం చేసిండు బిడ్డా? మాఫ్ చేసిన అను, అంటే ఊకుంటడు. లేకపోతే పొద్దంత అట్లనే నిలబడ్తడు" అంది.

నిజం చెప్పాలె అప్పుడు. చిన్నమ్మ ఉంది, ఆయన ఉన్నడు, ఇంకెవరు లేరు. ఆయన మోకాళ్లు వణుకుతానయి.

"మాఫ్ చేసిన చిన్నాయినా" అన్న.

ఆయన చెవులు వదిలేసి, మంచం మీద కూసొని, మిగిలిన బిస్కెట్ తినుకుంట నా దిక్కు చూసి నవ్విండు.